నాన్నగారి మారుతీ 800ని బతికించిన ఆటోనగర్ షెడ్డు

నాన్నగారు పోయాక ఆయన 1996 మోడల్ మారుతీ 800 ఎనిమిదేళ్లు వసారాలోనే ఉండిపోయింది. మొదట పిలిచిన మెకానిక్ వస్తూనే కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేద్దామన్నాడు. నాకు మనసొప్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లోని ఈ చిన్న షెడ్డుకి లాగించుకెళ్లాను.

ఇక్కడి మేస్త్రి తాళమే అడగలేదు. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజనాయిల్ పోసి, "రెండ్రోజులు నాననివ్వండి సార్" అన్నాడు. పొడిబారిన పిస్టన్ రింగులు ఒక్కసారిగా కదిలితే సిలిండర్ గోడలు గీసుకుపోతాయట. మూడోరోజు క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తోనే తిప్పాడు. ముందు మొరాయించింది, తర్వాత మెల్లగా కదిలింది. పానా నా చేతికిచ్చి నన్నూ తిప్పమన్నాడు. అప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ట్యాంకులో పెట్రోలు డికాషన్ రంగుకి మారి వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు కడిగి, కార్బొరేటర్ జెట్లు శుభ్రం చేసి, టైమింగ్ బెల్టు, రబ్బరు పైపులు, ఆయిలు, కూలెంటు మార్చాడు. ప్లగ్గులు బిగించకముందే డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ లైటు ఆరేదాకా, అంటే ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా, సెల్ఫ్ తిప్పాడు. ఆ తర్వాతే స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు నీలం పొగ, ఆపైన నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన అదే శబ్దం.

బిల్లు 16,800. తీసేసిన సామానంతా సంచిలో వేసి ఇచ్చాడు. పది రోజులన్నది ఇరవై నాలుగైంది, మనమే ఫోన్ చేస్తుండాలి. పట్టేసిన బ్రేకుల కోసం నేను మళ్లీ వెళ్లాల్సొచ్చింది, మీరు ముందే చెప్పి చేయించుకోండి.