జుట్టు రంగు: నెలనెలా తల మొత్తమా, కుదుళ్ల వరకేనా?

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే నల్లరంగు వేయించుకున్న నాలుగో వారానికల్లా పాపిడిలో తెల్లగీత తేలుతుంది. విశాఖ సిరిపురంలో సెలూన్ కుర్చీలో కూర్చోగానే అడుగుతారు: "మొత్తం వేయమంటారా మేడం, టచప్ చాలా?" టచప్ అంటే కుదుళ్ల దగ్గర కొత్తగా మొలిచిన భాగానికే రంగు వేయడం. నేను రెండేళ్లపాటు మొత్తం వేయమనే చెప్పాను. చివర్లు కొబ్బరిపీచులా తయారయ్యాక గానీ మానలేదు.

శాశ్వత రంగులోని అమ్మోనియా వెంట్రుక పైపొరను తెరుస్తుంది. పెరాక్సైడ్ సహజమైన రంగును పలచబరచి, కొత్త రంగును లోపల కుదురుకునేలా చేస్తుంది. కొత్తగా మొలిచిన భాగానికి ఇది ఒక్కసారి చాలు. భుజాలు దాటిన ముప్ఫై సెంటీమీటర్ల జుట్టు చివరలకు రెండున్నరేళ్ల వయసుంటుంది. నెలనెలా తలంతా వేయిస్తే ఆ చివరలు దాదాపు ముప్ఫైసార్లు ఆ మందులో నానినట్టే. అంత దెబ్బను ఏ కండిషనరూ పూడ్చలేదు.

కాబట్టి నా ఓటు టచప్‌కే, అదీ అయిదారు వారాలకొకసారి. జుట్టు బాగా నెరిసి, తెల్లగీత కొట్టొచ్చినట్టు కనబడేవారికి నాలుగు వారాలు తప్పకపోవచ్చు. అప్పుడు కూడా కుదుళ్ల వరకే వేయమని గట్టిగా చెప్పండి.

మరి వెలిసిపోయిన పొడవు సంగతి? విశాఖలో ఇది చిన్న విషయం కాదు. ఎండ రంగును లాగేస్తుంది. ఉక్కపోతకు వారానికి మూడుసార్లు తలస్నానం చేయక తప్పదు. అమ్మోనియా లేని తాత్కాలిక రంగుల్లో గట్టివి సుమారు ఇరవై నాలుగు తలస్నానాల దాకా నిలుస్తాయి, అంటే మనకు రెండు నెలలు. పైపొరను అంతగా కదిలించవు కనుక మూడు నాలుగు నెలలకొకసారి పొడవుకు ఇదే వేయించడం మేలు. రుషికొండలో సముద్రస్నానానికి దిగేముందు జుట్టును మంచినీటితో తడిపితే ఉప్పునీరు తక్కువగా పీలుస్తుంది.

తెల్లవెంట్రుకలు కొద్దిగానే ఉంటే హైలైట్స్, అంటే అక్కడక్కడా కొన్ని పాయలకే రంగు, వేయించుకోండి. అవి పాపిడిలో గీతలా తేలవు, మూడు నెలలు ఆగవచ్చు.

గోరింటాకు సురక్షితమని నమ్మి "నల్ల గోరింటాకు" పొట్లాలు కొనేవారిని చూస్తే నాకు భయం. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నలుపు కోసం చాలావాటిలో పీపీడీ అనే, కొందరికి అలర్జీ తెచ్చే రసాయనం కలుపుతారు. సెలూన్ రంగుల్లోనూ అది ఉండవచ్చు. నలభై ఎనిమిది గంటల ముందు చెవి వెనుక కొంచెం రాసి చూడమనండి. అక్కడ దురద, వాపు వస్తే ఆ రంగు ఎన్ని వారాలకైనా వద్దు.