‘బిగించి, పరీక్షించి పంపాం’ అన్న మాటను నమ్మకండి: సూది తూకం చూశాకే రికార్డు పెట్టండి

కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే చిన్న భాగం) బిగించి, పరీక్షించిన తరువాతే టర్న్‌టేబుల్‌ను, అంటే రికార్డు ప్లేయర్‌ను, పంపుతున్నామని అమ్మకందారు ఇచ్చిన హామీని నమ్మి, ఏదీ సరిచూసుకోకుండా రికార్డులు వినడం మొదలుపెట్టాను. గాయని గొంతులో శ, ష, స అనే ఊష్మాక్షరాలు వచ్చిన ప్రతిచోటా గరుకు కాగితంతో రుద్దినట్టు ఒక రొద వినిపించేది. రికార్డు చివరి పాటకు వచ్చేసరికి అది భరించలేనంతగా పెరిగేది. ఫిర్యాదు చేస్తే, తక్కువ రకం సూదితో అంతేనని, మొనను మరింత సన్నగా చెక్కిన మైక్రోలైన్ సూది కొనుక్కోమని చెప్పారు. కొన్నాను. రొద కొంత తగ్గింది, పోలేదు.

చివరకు గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న త్రాసు తెచ్చి, సూది రికార్డును ఎంత బరువుతో నొక్కుతోందో తూచాను. తయారీదారు చెప్పినది 1.8 నుంచి 2.2 గ్రాములు, టోన్‌ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) వెనుక ఉన్న బరువు మీది అంకె 2 చూపుతోంది, త్రాసు మీద తేలింది 1.43. ఆర్మ్‌ను ముందుగా గాలిలో సమంగా తేలేలా నిలిపి, అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పిన తరువాత బరువు పెంచితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. పరీక్షించామన్న వారు ఆ పని చేయనే లేదు.

బరువు తక్కువైతే రికార్డుకు మేలని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఊష్మాక్షరాల దగ్గర గాడి అతివేగంగా వంకరలు తిరుగుతుంది కనుక, తగిన బరువు లేని సూది పట్టు తప్పి గాడి గోడలను కొడుతుంది. ఆ గాయం మానదు. నావి నాలుగు రికార్డులు ఇప్పుడు ఏ యంత్రం మీద పెట్టినా అదే రొద చేస్తున్నాయి.

లోపం అక్కడితో ఆగలేదు. ప్రొట్రాక్టర్ (సూది అమరికను సరిచూసే గీతల పలక) మీద పెట్టి చూస్తే సూది మొన ఉండవలసిన చోటికి దాదాపు 2 మిల్లీమీటర్లు వెనుక ఉంది. రికార్డు వెలుపలి అంచున సెకనుకు సుమారు అర మీటరు సాగే గాడి, లేబుల్ దగ్గర అందులో సగం కూడా సాగదు. అంతే శబ్దం అంత తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది కాబట్టి, అమరికలోని తప్పు చివరి పాటలోనే ముందుగా బయటపడుతుంది. కుడి స్పీకర్‌లో రొద ఎక్కువగా ఉండటానికి కారణం యాంటీ స్కేటింగ్‌ను (ఆర్మ్‌ను రికార్డు మధ్యకు లాగే బలాన్ని సరిచేసే అమరికను) సున్నా దగ్గరే వదిలేయడం.

ఈ మూడూ సరిచేసి, బరువును 2 గ్రాములకు తెచ్చి, పంతానికి పాత సూదినే మళ్లీ పెట్టి విన్నాను. పాడుకాని రికార్డులలో శకార సకారాలు శుభ్రంగా పలికాయి. అంటే రెండో సూది ఖర్చు పూర్తిగా దండగ. వాపసు గడువు దాటిందని అమ్మకందారు చేతులు దులుపుకున్నారు.

కాబట్టి పెట్టె విప్పిన రోజే, సూదిని ఏ రికార్డు మీదా దించకముందే తూచి, త్రాసు మీది అంకె కనబడేలా ఫొటో తీసుకోండి. ప్రొట్రాక్టర్ పరీక్ష కూడా అదే రోజు ముగించండి. మొదటిసారి వినడానికి, పోయినా బాధపడని రికార్డును ఎంచుకోండి.