ఇంటి ప్లాను ఎవరి చేత గీయించాలి: మేస్త్రీయా, ఇంజనీరా, ఆర్కిటెక్టా?

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పు ముఖం. మన ఊళ్లలో మధ్యతరగతి కుటుంబానికి సొంతింటి ఆలోచన చాలావరకు ఇలాంటి 200 గజాల స్థలం దగ్గరే మొదలవుతుంది. ప్లాను కోసం ముగ్గురిలో ఎవరి దగ్గరికైనా వెళ్లవచ్చు: ఇల్లు కట్టబోయే మేస్త్రీ, మున్సిపాలిటీ అనుమతి తెచ్చిపెట్టే లైసెన్సు ఉన్న ఇంజనీరు, ఆర్కిటెక్టు.

మేస్త్రీ ప్లానుకు విడిగా ఫీజు ఉండదు. ఎన్నో ఇళ్లు కట్టిన చేయి కాబట్టి పనిలో మెళకువలు ఆయనకు బాగా తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, ఆయనకు అలవాటైన ఇల్లే మీ స్థలంలోనూ లేస్తుంది. మా ఇంటి మెట్లే ఇందుకు సాక్ష్యం. కింది నేల నుంచి పై నేలకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు ఉండాలంటే 17 ఎత్తులు పడతాయి. కాలు మోపే వెడల్పు 10 అంగుళాలు, మధ్యలో మలుపు తిరగడానికి 3 అడుగుల చదును (ల్యాండింగు) పెట్టి రెండు వరుసలుగా తిప్పితే దాదాపు 10 అడుగుల పొడవు కావాలి. హాలు పెద్దదిగా కనబడాలని మా మేస్త్రీ 8 అడుగులే వదిలాడు. దాంతో 14 ఎత్తులే పట్టి, ఒక్కో మెట్టు ఎనిమిదిన్నర అంగుళాలు అయింది. జాతీయ భవన నియమావళి ఇళ్లకు పెట్టిన హద్దు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు. వడియాలు పెట్టడానికి డాబా ఎక్కడం మా అమ్మ ఆ ఇంట్లో మొదటి వేసవిలోనే మానేసింది.

ఇంజనీరు ప్లాను తప్పించుకోలేనిది, ఎందుకంటే అనుమతి దాని మీదే వస్తుంది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, పాటించకపోతే బాధ్యత యజమానిదే. అయితే అనుమతి ప్లాను ఆఫీసు అడిగినవాటికే జవాబు చెబుతుంది. వంటగదిలో గ్యాస్ బండ ఎక్కడ, మంచం తలవైపు స్విచ్చి ఏ ఎత్తులో, బాత్రూము పైపు ఏ గోడలోంచి దిగాలి అన్నవి అందులో ఉండవు. అవి చెప్పేది వర్కింగ్ డ్రాయింగులు. అవి లేకుండా పని మొదలుపెడితే ఆ నిర్ణయాలన్నీ గోడలు లేచాక, ఆ పూట అక్కడున్న ప్లంబరో ఎలక్ట్రీషియనో తీసుకుంటారు.

ఆ డ్రాయింగులు గీసిచ్చే ఆర్కిటెక్టు విలువ తెలిసేది ఇక్కడే. చదరపు అడుగుకు ఇంత అని గానీ, మొత్తం ఖర్చులో శాతంగా గానీ ఫీజు ఉంటుంది కనుక చాలామంది వెనకాడతారు. ఆ ఫీజు ఇల్లు బయటికి ఎలా కనబడుతుందో చూపే త్రీడీ ఎలివేషన్ బొమ్మకే ఇస్తే దండగేనని నా అభిప్రాయం. ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972 ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్టు అనే పేరు పెట్టుకోవాలి కాబట్టి బోర్డు చూసి ఆగకుండా నమోదు సంఖ్య అడగాలి. వాస్తు చూసే సిద్ధాంతిని కూడా మొదటి స్కెచ్చు దశలోనే కూర్చోబెట్టాలి. పిల్లర్లు లేచాక వంటగదిని ఆగ్నేయానికి జరపమంటే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

ఒక గది పెంచుకోవడానికో రేకుల షెడ్డుకో మేస్త్రీ చాలు. 200 గజాల్లో రెండంతస్తుల ఇల్లయితే మాత్రం, డబ్బు బిగువుగా ఉన్నా, పర్యవేక్షణ వదిలేసి ఆర్కిటెక్టు చేత ప్లాను, వర్కింగ్ డ్రాయింగులు మాత్రమే చేయించుకోవడం మేలు. అనుమతి పని ఇంజనీరుకు ఇవ్వవచ్చు. పిల్లర్లు, పునాది లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు మట్టి పరీక్ష చూశాకే వేయాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నల్లరేగడిలో పక్కింటి పునాది లోతు చూసి తవ్వడం చెల్లదు.

ప్లాను ఎవరు గీసినా, తవ్వకానికి ముందు స్థలంలో గదులన్నిటికీ సున్నంతో ముగ్గు పోయించండి. మంచం, బీరువా కొలతలకు అట్టముక్కలు కోసి ఆ గీతల మధ్య పరిచి, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.