ఫిబ్రవరిలో నేలపట్టు, పులికాట్: మకాం ఎక్కడ, ఏ వేళకు ఏది

నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు రెండూ చూడాలంటే సూళ్లూరుపేటలో దిగడమే మేలు. చెన్నై నుంచి లోకల్ రైళ్లున్నాయి. లాడ్జీలు సాదాసీదావే. తెల్లారకముందు గేటు తీస్తారో లేదో గది తీసుకునేటప్పుడే అడగండి. సౌకర్యం చూసుకుని తిరుపతిలో ఉండిపోతే ఎండెక్కాక గానీ ఇక్కడికి చేరలేరు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగమున్న రోజులు మానుకోండి. ఆ రద్దీలో పక్షుల్ని చూసేదేమీ ఉండదు.

ముందు పులికాట్. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు పోతుంది. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీదే వెలుగు పడుతుంది. దక్షిణాన ఉన్నవి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఫ్లెమింగోలు దూరంగా మేస్తాయి, ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్ (దూరపు పక్షుల్ని చూసే చిన్న టెలిస్కోప్) ఉండాల్సిందే. ఎండ ముదిరితే బురద మీద గాలి అలలాడి బొమ్మ చెదిరిపోతుంది. అప్పుడు స్కోప్‌ను 60x కి (60 రెట్లు పెద్దగా చూపేలా) తిప్పితే ఇంకా పాడవుతుంది, 20x దగ్గరే ఆగండి. ముక్కు గులాబీరంగులో ఉండి కొస మాత్రమే నల్లగా ఉంటే పెద్ద ఫ్లెమింగో. ముక్కంతా ముదురుగా ఉంటే చిన్నది. వానలు దండిగా పడిన ఏడాది నీరు లోతెక్కి అవి చెల్లాచెదురవుతాయి, నీరు తగ్గేకొద్దీ గుమిగూడతాయి. బస్సులో పోతే కావలసినచోట దిగలేం. ఆటో మాట్లాడుకోండి, ఆగే గంటలకు ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి.

నేలపట్టు సూళ్లూరుపేటకు ఉత్తరాన, హైవే మీద సుమారు 20 కిలోమీటర్లు. గూళ్లు దగ్గరే కాబట్టి ఎండెక్కినా నష్టం లేదు, దీన్ని రెండోదిగా పెట్టుకోవచ్చు. టిఫిను, నీళ్లు వెంట తెచ్చుకోండి. నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లుంటాయి. తల్లి వాలగానే పిల్ల దాని ముక్కు సంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు లాక్కుంటుంది; సంచి లోపలినుంచి పొడుచుకొచ్చి కదలడం 8x42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. కటకాల) బైనాక్యులర్లో చక్కగా తెలుస్తుంది. 10x వద్దు, చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తే అది నత్తగుల్ల కొంగ. గట్టిగా మాట్లాడితే పెద్ద పక్షులు లేచిపోతాయి, ఆ ఖాళీ గూళ్ల మీద కాకులు పడతాయి.

కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పడవ ఉంది, ఇనుప స్టాండ్ల మీద కట్టిన గూళ్లు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. ఫొటోలకైతే అదే నయం. కానీ ఫ్లెమింగోల కోసమైతే పులికాట్‌కే రావాలి.