కామిక్స్ తెర మీదా, కాగితం మీదా? పన్నెండేళ్లు రెండూ చదివాక

ఒక సిరీస్‌ను నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్లో, రైలు ప్రయాణాల్లో, ఒక్కో ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) జరుపుకుంటూ. రెండోసారి అదే కథ స్నేహితుడి ఇంట్లో అచ్చు పుస్తకంగా కనిపిస్తే ఊరికే తిరగేద్దామని తీశాను. 40వ పేజీ దగ్గర ఆగిపోయాను. ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఒకే బొమ్మ, దీన్నే స్ప్రెడ్ అంటారు. వరదలో మునిగిన ఊరు. ఎడమ చివర ఇంటికప్పు మీద చిన్నగా ఒక పిల్ల, కుడి చివర ఎక్కడో దూరంగా పడవ, మధ్యలో అంతా నీళ్లే. ఈ బొమ్మ ఫోన్లోనూ చూశాను. పిల్లను చూశాను, తర్వాత నీళ్లు, ఆ తర్వాత పడవ. పిల్లకీ పడవకీ మధ్య ఎంత దూరముందో మాత్రం నాకు తెలియలేదు. ఆ చిత్రకారుడు రెండు పేజీలు ఖర్చుపెట్టింది ఆ దూరం కోసమే.

పన్నెండేళ్లుగా రెండు రకాలుగానూ చదువుతున్నాను. మొదట ఫోను, తర్వాత 11 అంగుళాల ట్యాబ్లెట్, నాలుగేళ్లుగా కాగితంలా కనిపించే తెర ఉన్న ఒక ఈ-ఇంక్ రీడర్ కూడా. అలమరలో పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. ఇన్నాళ్లకు నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. కామిక్స్ గీసేవాళ్లు ఆలోచించేది పేజీ లెక్కన. ఆ పేజీ మన చేతికి ఏ కొలతలో వస్తుందో చూసుకున్నాకే డిజిటలా, అచ్చా అన్నది తేల్చుకోవాలి.

ఫోన్ మీద కామిక్స్ చదవడం వీలైందంటే, ప్యానెళ్లను ఒక్కొక్కటిగా దగ్గరికి తెచ్చి చూపే పద్ధతి వల్లే. 2023లో కిండిల్‌లో కలిసిపోయిన కామిక్సాలజీ అనే కామిక్స్ యాప్‌లో దాని పేరు గైడెడ్ వ్యూ. ఇలాంటిదే వేరే యాప్‌లలోనూ ఉంది. కొత్తగా చదివేవాళ్లకు ఏ ప్యానెల్ తర్వాత ఏది అన్న తికమక ఉండదు, అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. ఆ మేలు నేను కాదనను. కానీ కామిక్స్‌లో కాలం నడిచేది ప్యానెళ్ల కొలతల్లోనే. పేజీ అడ్డంగా పరుచుకున్న ప్యానెల్ దగ్గర కన్ను నిదానిస్తుంది. సన్నటి నిలువు ప్యానెళ్లు ఆరు వరసగా వస్తే పరుగెడుతుంది. అన్నిటినీ తెరకు సరిపడా సాగదీస్తే తాళం తీసేసిన పాటలా ఒకే నడకన సాగిపోతాయి. ట్యాబ్లెట్ కొన్న రోజునే ఆ సెట్టింగ్ ఆపేశాను, మళ్లీ ముట్టుకోలేదు.

పేజీ తిప్పడం సంగతి ఇంకా ముఖ్యం. ఎడమ నుంచి కుడికి చదివే పుస్తకంలో, కుడిపేజీ చివరి ప్యానెల్‌లో ఎవరో తలుపు తీస్తారు. లోపల ఏముందో పేజీ తిప్పితే గానీ కనబడదు. రచయిత, చిత్రకారుడు ముందే లెక్కపెట్టుకుని ఈ దాపరికాన్ని అక్కడ పెడతారు. ట్యాబ్లెట్‌ను అడ్డంగా తిప్పి రెండేసి పేజీలు చూస్తే ఈ లెక్క మిగలాలి. చాలాసార్లు మిగలదు. కారణం చిన్నది. యాప్ అట్టను కూడా మొదటి పేజీగా లెక్కేసి దాని పక్కన మరో పేజీ పెట్టేస్తుంది. దాంతో పుస్తకమంతా ఒక పేజీ జరిగిపోతుంది. స్ప్రెడ్‌లో ఎడమ సగం ఒక తెర మీద, కుడి సగం తర్వాతి తెర మీద పడతాయి. అట్టను విడిగా చూపించు అనే సెట్టింగ్ కొన్ని యాప్‌లలో ఉంటుంది. అది లేని యాప్‌ను నేను ఇప్పుడు పూర్తిగా మానేశాను. మాంగా అనే జపాన్ కామిక్స్‌కైతే కుడి నుంచి ఎడమకు తిరిగే సెట్టింగ్ కూడా చూసుకోవాలి.

కొలతల విషయానికొస్తే, అమెరికన్ నెలవారీ కామిక్ పేజీ సుమారు 6.6 అంగుళాల వెడల్పు, 10.2 అంగుళాల ఎత్తు. నా 11 అంగుళాల తెర ఎత్తు తొమ్మిదికి కాస్త ఎక్కువ. అంటే పేజీ పదో వంతుకు పైగా కుదించుకుపోతుంది. చదవడానికి ఇబ్బంది లేదు, కాకపోతే సన్నగీతల బొమ్మల్లో బలం కొంచెం తగ్గుతుంది. 13 అంగుళాల దగ్గరి ట్యాబ్లెట్ అయితే ఆ పేజీ అసలు కొలతలోనే పడుతుంది. ఫ్రెంచ్, బెల్జియన్ ఆల్బమ్‌ల పేజీలు దాదాపు ఏ4 అంత ఉంటాయి, వాటిలో ఒక్కో పేజీకి పది పన్నెండు ప్యానెళ్లు కిక్కిరిసి ఉంటాయి. వాటిని మాత్రం తెర మీద చదవొద్దనే చెబుతాను. రెండుసార్లు ప్రయత్నించాను. ప్రతి పేజీనీ పెంచుతూ, జరుపుతూ, మళ్లీ కుదిస్తూ ఉంటే కథ చేతికందలేదు.

మాంగాది వేరే దారి. ఆ పుస్తకాలే చిన్నవి, లోపల ఎక్కువగా నలుపు తెలుపే. ఏడెనిమిది అంగుళాల ఈ-ఇంక్ తెర, అంగుళానికి 300 చుక్కలుంటే, ఆ పేజీకి దాదాపు సరిపోతుంది. యాభై అరవై సంపుటాల సిరీస్ పెట్టుకోవడానికి ఇంట్లో ఒక అర ఖాళీ చేయనక్కర్లేదు. ఒక్క లోపం ఉంది. నీడల కోసం వాడే చుక్కల టోన్లు, పేజీని కుదించినప్పుడు అలలు అలలుగా చారలు పడతాయి. ఫైలు మరీ తక్కువ నాణ్యతదైతే ముఖాల మీద కూడా ఆ చారలే. కొనేముందు నమూనా పేజీలు దింపుకుని ఈ ఒక్క సంగతీ చూడండి.

రంగుల గురించి నా అభిప్రాయం మధ్యలో మారింది. మొదట్లో తెర అంటే రంగులు పాడవుతాయని నమ్మేవాణ్ణి. పాత కామిక్స్ విషయంలో అది నిజమే. అవి చవక న్యూస్‌ప్రింట్ మీద, నాలుగు సిరాల చుక్కలతో అచ్చయ్యేవి. ఆ గోధుమరంగు కాగితం సిరాను పీల్చి మెత్తబరుస్తుందని తెలిసే రంగులు ఎంచేవాళ్లు. అదే ఎరుపు, అదే పసుపు వెలిగే తెల్లటి తెర మీద చుక్కలు లేకుండా నింపితే కళ్లలో గుచ్చుకుంటాయి. అయితే మెరిసే ఆర్ట్ పేపర్ మీద వేసిన పునర్ముద్రణల్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి తప్పు తెర ఒక్కదానిదే కాదు. ఇప్పటి కామిక్స్‌కు రంగులు వేసేది కంప్యూటర్ తెర ముందు కూర్చునే. నా దగ్గరున్న ఒక పుస్తకంలో రాత్రి అడవి దృశ్యం ఎనిమిది పేజీలు. అచ్చులో సిరా కాస్త పాకడంతో చెట్లూ మనుషులూ ఒకే నలుపు. ట్యాబ్లెట్ మీద అదే పేజీలో, కొమ్మల వెనక నిలబడ్డ మనిషి నాకు మొదటిసారి కనిపించాడు. ఆ మనిషి లేకుండా నేను కథ సగమే చదివానన్నమాట.

అచ్చు మీద ఎంత ప్రేమున్నా దాచకూడని కష్టాలున్నాయి. వెయ్యి పేజీల లావుపాటి పుస్తకాల్లో స్ప్రెడ్ బొమ్మల మధ్యభాగం మడతలోకి వెళ్లిపోతుంది. బలంగా విప్పితే గమ్ బైండింగ్ పగిలి పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగ్ అయితే బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. ఇప్పుడు నేను పుస్తకం కొనేముందు వీపు వైపు నుంచి కుట్టు ఉందో లేదో చూడకుండా తీసుకోను. న్యూస్‌ప్రింట్ సంచికలు ఆమ్లం వల్ల పసుపెక్కి పెళుసుబారతాయి. చెమ్మ తగిలిన గోడకు ఆనించిన ఒక పెట్టెడు సంచికలు నాకు అలా పోయాయి. ఆ నొప్పి ఇంకా ఉంది. ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి, పాలియెస్టర్ కవర్లలో పెట్టి ఉంటే నిలిచేవి.

తెర మీద పోవడం ఇంత నెమ్మదిగా ఉండదు. నేను ఏళ్ల తరబడి సంచికలు కొన్న ఒక యాప్ ఒకరోజు మరో యాప్‌లో కలిసిపోయింది. కొన్నవి చాలావరకు వచ్చాయి, కానీ సిరీస్ వరస చెదిరిపోయింది. కొన్ని ఎంత వెతికినా దొరకలేదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది, పుస్తకాలు మాత్రం వాళ్ల దగ్గర మిగల్లేదు. మనం చెల్లించేది చదువుకునే అనుమతికి. అందుకే వీలైనచోట ఏ ఒక్క యాప్‌కీ కట్టిపడేసే తాళం లేని సీబీజెడ్ ఫైళ్లే కొంటాను. అది బొమ్మలు పెట్టిన మామూలు జిప్ ఫైలే. యాప్ ఉన్నా పోయినా తెరుచుకుంటుంది. రెండు చోట్ల కాపీ ఉంచుతాను.

మా నాన్నగారికి అరవై దాటాక స్పీచ్ బబుల్స్‌లో (పాత్రల మాటలు రాసే బుడగల్లో) అక్షరాలు ఆనడం లేదు. ఆయనకు ట్యాబ్లెట్ తప్ప వేరే దారే లేదు, ఆయన విషయంలో నేను చర్చ కూడా పెట్టను. మా మేనల్లుడు వెబ్‌టూన్లు తప్ప చదవడు. కొరియాలో పుట్టిన ఈ నిలువు కామిక్స్‌లో పేజీ అన్నదే ఉండదు, కింద నుంచి కథ పైకి వస్తూనే ఉంటుంది. వాడికి ఇష్టమని ఒకదాని అచ్చు ప్రతి తెచ్చిస్తే నాలుగు పేజీలు చూసి, "మామయ్యా, ఇందులో వాడు పడిపోవడం లేదు" అన్నాడు. తెర మీద ఒక మనిషి లోయలోకి పడే దృశ్యం వేలు కదుపుతుంటే కిందికి, ఇంకా కిందికి సాగుతుంది. పుస్తకంలో దాన్ని మూడు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టారు. వాడు చెప్పింది నిజం. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరూ చదవలేదు.

ఇప్పుడు కొత్త సిరీస్ ఏదైనా మొదటి సంచిక డిజిటల్‌లో తీసుకుంటాను. స్ప్రెడ్‌లు ఎన్ని ఉన్నాయి, పేజీ చివర్లలో దాపరికాలు ఉన్నాయా, ప్యానెళ్లు ఎంత చిన్నవి అన్నది అక్కడే తెలిసిపోతుంది. అవి ఉంటే మిగతాది కాగితం మీద కొంటాను. వరద బొమ్మ ఉన్న పుస్తకాన్ని స్నేహితుడికి తిరిగిచ్చేసి, నాకూ ఒకటి తెప్పించుకున్నాను. కుట్టు బైండింగ్ ప్రతి దొరికేదాకా ఆగాల్సొచ్చింది. ఇప్పుడు ఆ 40వ పేజీ మడత దగ్గర కూడా నీళ్లు తెగకుండా కనిపిస్తున్నాయి.