హైదరాబాద్‌లో ఇల్లు చూసుకోవాలంటే కేపీహెచ్‌బీనా (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ), వనస్థలిపురమా?

అద్దె: కేపీహెచ్‌బీలో ఎక్కువ. వనస్థలిపురంలో అదే డబ్బుకి కాస్త పెద్ద ఇల్లు, అదృష్టం బాగుంటే వాకిట్లో మామిడిచెట్టు కూడా.

ఆఫీసు: హైటెక్ సిటీ అయితే కేపీహెచ్‌బీ దగ్గర. వనస్థలిపురం వాళ్లు ఎల్బీనగర్ దాకా ఆటోలో వచ్చి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారాలి, రోజూ రెండుపూటలా అంటే ఒళ్లు హూనమే. సంక్రాంతికి మాత్రం లెక్క తిరగబడుతుంది: కేపీహెచ్‌బీలో ఎక్కిన విజయవాడ బస్సు ఊరంతా ఈదుకుంటూ ఎల్బీనగర్ చేరేసరికి వనస్థలిపురం వాళ్లు తీరిగ్గా భోంచేసి బ్యాగు పట్టుకుని నిలబడి ఉంటారు.

ఇరుగుపొరుగు: కేపీహెచ్‌బీలో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, పక్కవాటా వాళ్ల పేరు తెలియదు. వనస్థలిపురంలో రిటైరైన ఉద్యోగులు, పొద్దున్నే నడక, కొత్తగా దిగితే "ఏ ఊరు బాబూ" అని ఆరా.

కొనేటట్టయితే రెండుచోట్లా ఆ స్థలం చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) ఉందేమో చూసుకోండి.

పెళ్లికాని కుర్రాళ్లకి కేపీహెచ్‌బీ. అమ్మానాన్నలతో ఉంటే వనస్థలిపురం, భార్యాభర్తలిద్దరి ఆఫీసూ గచ్చిబౌలిలో అయితే తప్ప.