"రక్తంలో క్రోమియం తక్కువ" అని ఫోన్ చేసేవాళ్ళతో జాగ్రత్త

ఆ కంపెనీ పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తామని నిన్ననే బెదిరించారు. హైదరాబాద్‌లో షుగర్ ఉన్న ఇంటికి వీళ్ళ ఫోన్ రాకుండా ఉండదు: "ఇంటికొచ్చి రక్తం తీస్తాం, మినరల్స్ అన్నీ చూస్తాం, ఈ వారమే 2,999". ఆ, వాళ్ళే.

నాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్. ఆయన మలక్‌పేటలో, నేను మియాపూర్‌లో. వారం వారం వెళ్ళి చూడలేని తప్పుని ఓ ప్యాకేజీతో కడిగేసుకుందామని ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని బుక్ చేశాను. బుద్ధి తక్కువై.

రక్తం తీసే అబ్బాయి వచ్చేసరికి పదిన్నర. నాన్న ఇడ్లీ తినేశారు. "పర్లేదంకుల్" అని మామూలు ఎర్రమూత ట్యూబులో తీసుకుపోయాడు. మర్నాడు రిపోర్టు: జింక్ తక్కువ, క్రోమియం తక్కువ. నేనది తెరవకముందే నాన్నకి వాళ్ళ 'కౌన్సెలర్' ఫోన్. జింక్ లేకపోతే ఇన్సులిన్ నిలవుండదట, క్రోమియం లేకపోతే పనిచేయదట. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ జింక్‌తో కలిసే నిలవుంటుందన్నది నిజమే, నేను కూడా చూశాను. అందుకే మిగతాదీ నమ్మాం. క్యాప్సూల్స్ మూడు నెలల కోర్సు 11,400. కట్టింది కూడా నేనే.

డబ్బాలు వచ్చిన రోజే నాన్న మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే తన షుగర్ మాత్రలు రెండూ పక్కన పెట్టేశారు. నాకు చెప్పలేదు. ఆరు వారాలకి వెళ్ళి చూస్తే మనిషి సగమయ్యారు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారు, చెంబులకి చెంబులు నీళ్ళు. పరగడుపున 296. రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అంతకుముందు 7.4 ఉండేది, 9.1 అయింది. ఎందుకు మానేశారు నాన్నా అంటే, "నువ్వే గదా బిడ్డా బుక్ చేసింది, మంచిదే అయ్యుంటదనుకున్న" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అదే ఊపులో కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను. మీ మాట విని మా నాన్న మందులు మానేశారు అన్నాను. అవతల తొణకలేదు, బెణకలేదు.

"మేడమ్, మేము మానేయమని చెప్పలేదు. మానేయొచ్చు అన్నాం."

ఇంకోసారి చెప్పమన్నాను. అదే మాట, అదే గొంతు, చిన్నపిల్లకి వ్యాకరణం నేర్పుతున్నట్టు. రోజుకి ఎంతమందికి చెప్తే అంత నున్నగా వస్తుంది ఆ వాక్యం? అరవై ఎనిమిదేళ్ళ మనిషికి "మానేయమని"కీ "మానేయొచ్చు"కీ మధ్య దూరం ఎంత, 296 అంతా? డబ్బు వెనక్కి ఇమ్మంటే, "సీల్ తీశారు కదా మేడమ్" అని పెట్టేసింది. మూడు డబ్బాల్లో రెండింటికి సీల్ తీయనేలేదు.

ఆ రిపోర్టు పట్టుకెళ్తే నాన్న పాత డాక్టర్‌గారు మొదట అడిగింది ఏ ట్యూబులో తీశారని. ఈ టెస్టులకి ముదురు నీలం మూత ఉండే ప్రత్యేకమైన ట్యూబు వాడాలట. మామూలు ట్యూబు మూత నుంచీ సూది నుంచీ లోహం కలిసి అంకె పెరుగుతుందట. మా నాన్నకి అలా తీసినా తక్కువే వచ్చింది, ఏం మహిమో! తిన్నాక సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో) జింక్ తగ్గుతుందట, అంటే ఆ ఇడ్లీల పుణ్యం కొంత. క్రోమియం అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సీరంలోనే లీటరుకి ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు, ఆ అంకె చూసి ఒంట్లో లోటుందని చెప్పలేమన్నారు. అన్నిటికన్నా నాకు మండింది ఇది: షుగర్ అదుపులో లేకపోతే జింక్, మెగ్నీషియం మూత్రంలో ఎక్కువ పోతాయి. అంటే ఒకవేళ నిజంగా తక్కువున్నా అది షుగర్ చేసిన పని కావచ్చు. వీళ్ళు దాన్ని తిరగేసి, తక్కువుంది కాబట్టే షుగర్ అని అమ్ముకున్నారు.

రాత్రి నిద్ర పట్టక డబ్బా వెనక చిన్నక్షరాలు చదివాను. సెలీనియం అనే ఇంకో మినరల్ 200 మైక్రోగ్రాములు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి చాలని చెప్పేది 40. పైగా అమెరికాలో ఏళ్ళ తరబడి రోజూ సరిగ్గా ఈ 200 వేసుకున్నవాళ్ళలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా ఎక్కువమందికి షుగర్ వచ్చిందని 2007లోనే బయటపడింది. దీన్ని షుగర్ తగ్గడానికని డబ్బు పోసి కొన్నాను. చదువుకున్నదాన్ని!

నాన్న పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు, ఇవాళ పొద్దున 188.

మీ ఇంటికీ వీళ్ళు వస్తే ట్యూబు మూత రంగు చూడండి, పరగడుపున తీస్తున్నారో లేదో చూడండి. అసలు మీ డాక్టర్ రాయకపోతే ఈ టెస్టే వద్దు. పెద్దవాళ్ళ మాత్రల షీట్లు మీరే లెక్కపెట్టండి, నాలా ఫోన్‌లో "వేసుకున్నారా" అని అడిగి ఊరుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను.

సీల్ తీయని రెండు డబ్బాలు ఎక్కడికి పంపాలో చెప్పమంటే "మా టీమ్ కాల్ చేస్తుంది" అన్నారు. సోమవారం నుంచి చూస్తున్నాను.